సేఫ్టీ మీద బొటనవేలు

తుపాకుల మధ్య ముప్పయ్యేళ్ళు పనిచేశానని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎంతమందిని కాల్చారు?" మనుషులెవరూ లేరు. పోలీసు ఆయుధాల స్టోర్ పైకప్పును ఒకసారి కాల్చాను. ఈ జవాబు వినగానే చాలామందికి నా మీద ఉన్న గౌరవం సగం పోతుంది. మా మనవరాలికి ఆ సగం కూడా మిగల్లేదు.

ఈమధ్య కౌలాలంపూర్‌లో మనవాళ్ళ పెళ్ళిలో ఒకావిడ తన మేనకోడల్ని తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టింది. ఆ అమ్మాయి ఒక సెక్యూరిటీ కంపెనీలో పిస్తోలు శిక్షణ ఇచ్చే ఉద్యోగంలో చేరబోతోందట. "పెద్దవారు, నాలుగు ముక్కలు చెప్పండి" అంది. నేను మొదలుపెట్టాను. అమ్మాయి మర్యాదగా తల ఊపుతూ బల్ల కింద ఫోను చూసుకుంది. అందుకని రాస్తున్నాను. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదు. వాళ్ళత్త చదివి వినిపిస్తానని మాటిచ్చింది.

నా పేరు గౌరమ్మ. పోలీసుల్లో సార్జంట్ గౌరి. సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో పుట్టాను. ఇరవయ్యేళ్ళు పోలీసు ఆయుధాల స్టోర్‌లో పిస్తోళ్ళు విప్పి, తుడిచి, బిగించాను. ఆ తర్వాత పదేళ్ళకి పైగా ఇపో బయట ఒక ప్రైవేటు కంపెనీ వాళ్ళ రేంజ్‌లో, అంటే గురి సాధన చేసే మైదానంలో, శిక్షకురాలిగా ఉన్నాను. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి రెండే, రెండూ ఆలస్యంగానే వచ్చాయి. కాగితాల గురించి కూడా రాయను. రాయబోయేదంతా ఒక చిన్న మీట గురించి.

మీట చేసే పని

చాలా పిస్తోళ్ళకి ఎడమ పక్కన, కుడి బొటనవేలికి అందేచోట ఒక మీట ఉంటుంది. దాన్నే సేఫ్టీ అంటాం. అది పైకి ఉంటే ట్రిగ్గర్ ఎంత నొక్కినా పిస్తోలు పేలదు. కిందికి తోస్తే పేలుతుంది. చెప్పడానికి ఇంతే. ఈ రెండు వాక్యాలు మనుషుల బుర్రకి ఎక్కించడానికే కంపెనీలు నాలాంటివాళ్ళకి జీతమిచ్చి పెట్టుకుంటాయి.

అసలు ఈ మీటే లేని పిస్తోళ్ళు కూడా ఉన్నాయి. ఏది మంచిదని మా పనిలో ఉన్నవాళ్ళు టీ చల్లారిపోయేదాకా వాదించుకుంటారు. నేనూ చాలా టీలు చల్లార్చాను. ప్రాణరక్షణకి పిస్తోలు దగ్గర పెట్టుకునేవాడికి సేఫ్టీ ఉండాలనేవాళ్ళు ఒకవైపు. ఎందుకంటే వాడు దాన్ని నడుముకి కట్టుకుని కారెక్కుతాడు, దిగుతాడు, వంగుతాడు, మనవల్ని ఎత్తుకుంటాడు. వద్దనేవాళ్ళు రెండోవైపు. ఎందుకంటే ప్రాణం మీదకొచ్చినప్పుడు మనిషికి తన పేరే గుర్తుండదు, మీట ఏం గుర్తుంటుంది అంటారు. రెండు వైపుల వాళ్ళూ నిజమే చెబుతారు. అదే చిక్కు.

పైకప్పు సంగతి

నా మొదటి బాసు ఇన్‌స్పెక్టర్ రహీం. రెండు విషయాల్లో ఆయన ఎవరితోనూ రాజీ పడేవాడు కాదు: టీలో పంచదార, పిస్తోలు లోపల మిగిలిపోయిన గుండు. మిగతా అన్నింట్లో సులువుగా పోయే మనిషి.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. డ్యూటీ నుంచి తిరిగొచ్చిన ఒక పిస్తోలును తుడవడానికి తీశాను. సేఫ్టీ పైకే ఉంది. పైకి ఉంది కాబట్టి భయం లేదనుకున్నాను. లోపల గుండు ఉందో లేదో వెనక్కి లాగి చూడాలి. చూడలేదు. ఆ మీట ఎన్నో బొటనవేళ్ళ కింద అరిగి అరిగి, పేరుకి పైకి నిలబడి ఉంది. నా చెయ్యి తగలగానే జారింది. నా వేలు ఉండకూడని చోట ఉంది. పేలింది. పైకప్పులో చిల్లు పడింది. నా చెవుల్లో గంటసేపు హోరు తప్ప ఇంకేమీ వినపడలేదు.

రహీం వచ్చి పైకప్పు చూశాడు. నన్ను చూశాడు. "దెబ్బ తగిలిందా?" అన్నాడు. లేదన్నాను. "సరే, నీ కుర్చీ తెచ్చి ఈ చిల్లు కింద వేసుకో" అన్నాడు. ఏడాదిపాటు దాన్ని బాగుచేయనివ్వలేదు. ఇపోలో మధ్యాహ్నం వాన ఎలా పడుతుందో ఎరిగినవాళ్ళకి మిగతాది చెప్పనక్కర్లేదు. నెత్తిమీద చుక్క పడినప్పుడల్లా ఆయన తన బల్ల దగ్గర నుంచే అనేవాడు: "గౌరీ, మీట అరిగిపోతుంది. నువ్వు కళ్ళతో చూడు."

బాసులు చాలామంది తిడతారు. తిట్లు సాయంత్రానికి మరిచిపోతాం. ఆ వాన చుక్కల్ని నేను మరిచిపోలేదు. మీలో ఎవరైనా బాసులైతే ఈ పద్ధతి వాడుకోండి.

బ్రిక్‌ఫీల్డ్స్ వ్యాపారి

పోలీసు ఉద్యోగం వదిలాక ప్రైవేటులో నా దగ్గరికి రెండు రకాల మనుషులు వచ్చేవాళ్ళు. ఒకరు పిస్తోలు కట్టుకుని కాపలా కాసే గార్డులు. రెండోవాళ్ళు ఆత్మరక్షణకి లైసెన్సు దొరికిన వ్యాపారులు. మన దేశంలో ఆ లైసెన్సు దొరకడం అంత తేలిక కాదు కాబట్టి, దొరికినవాడు పిస్తోలును కొత్త పెళ్ళికొడుకు గడియారంలా చూసుకుంటాడు.

కౌలాలంపూర్‌లోని బ్రిక్‌ఫీల్డ్స్ నుంచి ఒక వజ్రాల వ్యాపారి వచ్చేవాడు. ఆయనకి చెయ్యి ఊరుకోదు. కౌంటర్ కింద పిస్తోలు పెట్టుకుని, గిరాకీలతో మాట్లాడుతూ, సేఫ్టీని పైకీ కిందికీ టిక్కు టిక్కుమని ఆడించేవాడు. మనసు నిమ్మళంగా ఉంటుందట. "ఇప్పుడు పైకుందా, కిందికుందా?" అని అడిగాను. చూసి చెప్పబోయాడు. "చూడకుండా చెప్పండి" అన్నాను. చెప్పలేకపోయాడు. ఆయనకి జపమాల కొనుక్కోమని సలహా ఇచ్చాను. కోపమొచ్చి నాలుగు నెలలు రాలేదు. ఐదో నెల జపమాలతో వచ్చాడు.

మేజర్ పద్ధతి, నా గొంతు

రేంజ్ మేనేజర్‌ని అందరూ మేజర్ అనేవాళ్ళు. సైన్యంలో ఆయన నిజంగా మేజరా కాదా అని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. అందరూ వరసగా నిలబడాలి. శిక్షకురాలు మలయ్‌లో "సెడియా" అనగానే పిస్తోలు తీసి గురి పెట్టాలి. "బుకా కుంచి" అంటే, తాళం తియ్యమని, అందరూ ఒకేసారి బొటనవేలితో సేఫ్టీ కిందికి తొయ్యాలి. "తెంబక్" అంటే కాల్చాలి. ఎవరైనా నేను చెప్పకముందే సేఫ్టీ తీస్తే ఆ రోజుకి ఇంటికే.

ఇరవైమంది ఒకేసారి సేఫ్టీ తీస్తే "టక్" మని ఒక్క చప్పుడు వస్తుంది. ఆ చప్పుడంటే మేజర్‌కి ప్రాణం. చూడటానికి పెద్దవాళ్ళెవరైనా వస్తే, గుండ్లు గురి తప్పినా ఆయన పట్టించుకునేవాడు కాదు. టక్ రెండు ముక్కలైతే మాత్రం మొహం మాడ్చుకునేవాడు. పద్ధతి మేజర్‌ది. గొంతు నాది. పదేళ్ళలో ఆ చప్పుడును నేను ఎంత సాపు చేశానంటే, వరసలో చివర నిలబడినవాడి వేలు ఏ మాత్రం ఆలస్యమైనా కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని. గర్వపడ్డాను. దాచుకోవడం దేనికి?

అప్పలనాయుడు

ఆ వరసలో అందరికంటే బాగా కాల్చేవాడు అప్పలనాయుడు. మా తోటలో మా ఇంటికి మూడిళ్ళ అవతల పుట్టినవాడు, నాకంటే ఆరేళ్ళు చిన్న. అక్కని మావాళ్ళు అప్ప అంటారు. నాయుడు నన్ను చిన్నప్పటి నుంచీ అప్పా అనే పిలుస్తాడు. సుంగై సిపుట్‌లో చిన్న నగల దుకాణం. ఎక్కడో తెచ్చి అమ్మడం కాదు, తన చేత్తో తనే చేసేవాడు. మన ఆడవాళ్ళ చెవులకి సగం అతని పనే. ఒకసారి దుకాణం గోడకి కన్నం వేశారని లైసెన్సు తెచ్చుకుని, నెల తప్పకుండా నా దగ్గరికొచ్చి సాధన చేసేవాడు.

నగల పని చేసే చెయ్యి కదా, వణుకు లేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. చెవులకి రక్షణ మూతలు పెట్టుకుంటాం కాబట్టి నా మాట సరిగ్గా వినపడదని, గురి పెట్టాక తల కొంచెం ఎడమవైపు వంచేవాడు. నేను నిలబడేది ఎడమవైపే. కొత్తగా వచ్చినవాళ్ళకి "నాయుడిని చూసి నేర్చుకోండి" అని చెప్పేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు మనుషులు పరాంగ్ కత్తులతో దుకాణంలోకి వచ్చారు. నాయుడి భార్య పైడమ్మ వెనక గదిలో ఉంది. నాయుడు పిస్తోలు తీసి గురి పెట్టాడు. పిస్తోలు పేలలేదు. కత్తి అతని కుడి చేతి మీద పడింది. పైడమ్మ బయటికొచ్చి, మరిగే కాఫీ ఉన్న ఫ్లాస్కు మూత తీసి ముందున్నవాడి మొహాన విసిరి, వీధంతా వినపడేలా అరిచింది. ఇద్దరూ పారిపోయారు. వాళ్ళు తర్వాత దొరికారు. నాయుడి కుడి చేతి చూపుడు వేలు, మధ్య వేలు మాత్రం మళ్ళీ వంగలేదు. డాక్టర్లు రెండుసార్లు ప్రయత్నించారు.

ఆసుపత్రికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని గోడ చూస్తున్నాడు.

"అప్పా, పిస్తోలు పేలనేదు."

"ఎన్నిసార్లు నొక్కినావు?"

"రెండుమార్లు."

పోలీసులు పిస్తోలు చూశారు. ఏ లోపమూ లేదు. సేఫ్టీ పైకే ఉంది. ఆ మాట వాళ్ళు నాతో చెప్పారు, నేను నాయుడితో చెప్పాను.

"అయితే బయపడినాను కామాలు" అన్నాడు.

అప్పుడు నేను ఓదార్చాను. నా ఉద్యోగంలో చేసిన తప్పుల్లో పైకప్పు చిల్లు కంటే ఇదే పెద్దది. వాడి భుజం మీద చెయ్యేసి ఇలా అన్నాను: "బయం ఎవుడికైనా ఏస్తాది తమ్ముడూ. అందుల తప్పేటి ఉన్నాది?"

గురువు నోటితో చెప్పింది కదా, నాయుడు నమ్మాడు.

నీళ్ళ తుపాకీ

తర్వాత ఎనిమిది నెలలు నాయుడు దుకాణం ముందు గదిలోకి రాలేదు. పైడమ్మే తలుపు తీసేది, తనే మూసేది. నాయుడు వెనక గదిలో టీవీ ముందు కూర్చునేవాడు. టీవీ కట్టేసి ఉన్నా కూర్చునేవాడు. బజార్లో మగవాళ్ళు అతనికి పేరు పెట్టారు: నీళ్ళ తుపాకీ నాయుడు. మోటారు సైకిళ్ళు బాగుచేసేవాడు ఒకడు, అతను ఎదురుపడితే రెండు చేతులూ పైకెత్తి "బాస్, జంగన్ తెంబక్ లా" అనేవాడు. కాల్చొద్దు బాస్ అని. చివరి ఆ లా ఇక్కడివాళ్ళ ఊతపదం. అందరూ నవ్వేవాళ్ళు. నాయుడు కూడా నవ్వి ఇంటికొచ్చేవాడు. తర్వాత బజారుకి వెళ్ళడం మానేశాడు.

వీటన్నిటికంటే లోతుగా దిగింది పైడమ్మ మాట. మంచి మనిషే. కానీ చావు కళ్ళచూసి బయటపడినవాళ్ళు ఆ సంగతి పదిమందికీ చెప్పుకోకుండా ఉండలేరు. దుకాణంలో కెమెరా ఉంది. ఆ రోజు దృశ్యం ఆమె ఫోనులో ఉంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించేది. ఫ్లాస్కు గాల్లో ఎగిరే చోట ఆపి మళ్ళీ చూపించేది. ఒకసారి, ఏదో చిన్న గొడవలో, నా ఎదుటే మొగుణ్ణి అనేసింది: "నాను ఫ్లాస్కు ఇసిరినాను. నువ్వేటి సేసినావు? గుల్లో బొమ్మలాగ నిలబడినావు."

నాయుడు లేచి వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. వాళ్ళది ముప్పై రెండేళ్ళ కాపురం. ఆ తర్వాత ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ అవసరానికి మాత్రమే మాట్లాడుకున్నారు. కూర ఉప్పయిందనేంత అవసరం కూడా లేకుండా పోయింది.

మూడోసారి చూసినప్పుడు

ఆ వీడియో నేను అప్పటికే రెండుసార్లు చూశాను. రెండుసార్లూ అందరిలాగే ఫ్లాస్కునే చూశాను. దీపావళికి వెళ్ళినప్పుడు పైడమ్మ మూడోసారి చూపించింది. ఫ్లాస్కు వచ్చే లోపల మురుకు నములుతూ నాయుణ్ణి చూశాను.

పిస్తోలు తియ్యడం ఎంత వేగంగా తీశాడో! గురి ఎంత నిలకడగా ఉందో! చెయ్యి వణకలేదు. బొటనవేలు సరిగ్గా సేఫ్టీ మీద ఉంది, తొయ్యడానికి సిద్ధంగా. అక్కడ ఆగిపోయాడు. ఆగి, తల కొంచెం ఎడమవైపు వంచాడు.

మురుకు గొంతుకి అడ్డం పడింది.

వాడు భయపడలేదు. బొమ్మలా నిలబడలేదు. నా మాట కోసం ఆగాడు. పదేళ్ళు నేను చెప్పేదాకా సేఫ్టీ తియ్యకూడదని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను కదా, ఆ బొటనవేలు అదే నేర్చుకుంది. ఎదురుగా కత్తి ఉన్నా, భార్య వెనక గదిలో ఉన్నా, అది ఎడమవైపు నుంచి నా అరుపు కోసం చూసింది. అరుపు రాలేదు. ఆ తర్వాతే వాడు ట్రిగ్గర్ నొక్కాడు. అప్పటికి కత్తి దగ్గరికొచ్చేసింది.

"బాగుంది కదా అప్పా?" అంది పైడమ్మ. ఫ్లాస్కు గురించి. బాగుందన్నాను.

ఎనిమిదిమంది, నేను

మనసు ఒప్పుకోలేదు. రేంజ్‌లో నాకు సాయం చేసే మాజీ కార్పోరల్ రోస్లీతో చెప్పి ఒక పరీక్ష పెట్టాను. ఎనిమిదిమంది గార్డులు, చాలామంది బాగా కాల్చేవాళ్ళే. పిస్తోళ్ళు ఖాళీ, నేనే ఒక్కొక్కటీ కళ్ళతో చూశాను. ఒక్కొక్కణ్ణే పిలిచి, మధ్యలో ఏదో కబుర్లు చెబుతుండగా రోస్లీ హఠాత్తుగా ఎదురుగా మనిషి ఆకారంలో ఉన్న గురి బొమ్మ లేపాలి. ఎవరూ ఏమీ అరవరు.

ఎనిమిదిమందిలో ఆరుగురు పిస్తోలు తీసి, గురి పెట్టి, సేఫ్టీ పైకుండగానే ట్రిగ్గర్ నొక్కారు. ఏడోవాడు అసలు నొక్కలేదు. పిస్తోలు పట్టుకుని నావైపు తిరిగి "కాకా బెలుం చాకాప్" అన్నాడు. అక్కా, నువ్వింకా చెప్పలేదు అని. ఎనిమిదోవాడు ఒక్కడే సరిగ్గా చేశాడు. వాడు చేరి రెండు వారాలే అయింది. నేను వాడికింకా సరిగ్గా నేర్పలేదు.

"ఇక మీరు" అన్నాడు రోస్లీ. నవ్వి ఊరుకున్నాను. అతను ఊరుకోలేదు. మూడు రోజుల తర్వాత నేను ఖాళీ పిస్తోలు నడుముకి పెట్టుకుని చెప్పుకి అంటిన బురద గీక్కుంటుంటే బొమ్మ లేపాడు. తీశాను. గురి పెట్టాను. నొక్కాను. ట్రిగ్గర్ గోడలా ఉంది. మళ్ళీ నొక్కాను. మీట పైకే ఉంది. తాళం తియ్యమని పదేళ్ళు అరిచింది నేను, తీసింది ఎప్పుడూ ఎదుటివాళ్ళు. నా బొటనవేలికి ఆ పనే రాదు. తల కొట్టేసినట్టయింది. రోస్లీ మంచివాడు, బొమ్మ దించేసి టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

మేజర్‌తో చెప్పాను: ఇకమీద ఆ ఆజ్ఞ వద్దు, పిస్తోలు గురి మీదకి వచ్చేటప్పుడే ఎవరి సేఫ్టీ వాళ్ళు తీసుకోవాలి, దింపేటప్పుడు వాళ్ళే పెట్టుకోవాలి. ఆయన అన్నిటికంటే ముందు ఆ టక్ చప్పుడు గురించే ఆలోచించాడని నా అనుమానం. కానీ పైకి అన్న మాట వేరు: "ఎవడికి తోచినప్పుడు వాడు తీస్తే ఏదో ఒకరోజు ఎవడో ఎవడి కాలో కాలుస్తాడు." పోట్లాడి నా మాటే నెగ్గించుకున్నాను. ఆ మరుసటి ఏడు ఒక గార్డు తన బూటు కొసను రాసుకుంటూ నేలలో గుండు దింపాడు. అరంగుళం తేడాలో కాలి వేలు మిగిలింది. మేజర్ ఆ బూటు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నిజమే, ఆయన చెప్పినదాంట్లో న్యాయం ఉంది. నేను మటుకు పద్ధతి మార్చలేదు. నేర్పేటప్పుడు ఒక్కొక్కరి పక్కన నిలబడే సమయం రెట్టింపు చేశాను. టక్ అన్న ఆ ఒక్క చప్పుడు మళ్ళీ వినలేదు. ఇరవై చప్పుళ్ళు, వడగళ్ళు పడ్డట్టు.

సేఫ్టీ ఉండాలా వద్దా అంటే నా తీర్పు ఇదీ: ఉండనివ్వండి. కానీ మీట ఎవరి పిస్తోలుకి ఉందో ఆ మనిషి వేలికే దాని మీద అధికారం ఉండాలి. శిక్షకురాలి గొంతు వాళ్ళతోపాటు ఇంటికి వెళ్ళదు.

పైడమ్మ ముందు

ఇదంతా తెలిశాక వెంటనే నాయుడింటికి పరిగెత్తానని రాస్తే బాగుండేది. ఐదు రోజులు వెళ్ళలేదు. పని ఉందనుకున్నాను. పని లేదు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు వందల్లో ఉన్నారు. ఈ సంగతి బయటపడితే గౌరమ్మ నేర్పింది తప్పని ఊరంతా అంటుంది. నాకున్నది ఆ పేరొక్కటే. వాడికి పోయింది రెండు వేళ్ళు మాత్రమే కాదని నాకు తెలుసు, అయినా ఐదు రోజులు నా పేరు గురించే ఆలోచించాను. సిగ్గుగా ఉంది రాయడానికి.

ఆరో రోజు వెళ్ళాను. నాయుడు వెనక గదిలో ఉన్నాడు. ఎదురుగా కూర్చుని చెప్పాను. వీడియోలో చూసింది, ఎనిమిదిమంది గార్డుల సంగతి, బురద గీక్కుంటూ నేను చేసింది, అన్నీ.

"నువ్వు బయపడనేదు తమ్ముడూ. నాను నేర్పినట్టే సేసినావు. నేర్పడమే తప్పు నేర్పినాను. ఆ దినం ఆసుపత్రిల నాను అన్న మాట కూడా తప్పే."

నాయుడు కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండుననుకున్నాను. వాడు చేతిలో ఉన్న టీవీ రిమోట్ పక్కన పెట్టి, లోపలికి కేక వేశాడు.

"పైడీ! ఇలా రా."

ఎనిమిది నెలల్లో ఆ ఇంట్లో ఆ పిలుపు అదే మొదటిసారి కాబోలు, ఆమె చేతిలో గరిటెతోనే వచ్చేసింది.

"అప్పా, మల్లీ సెప్పు" అన్నాడు నాయుడు. "ఇది ఇనాల."

మళ్ళీ చెప్పాను. పైడమ్మ నిలబడే విన్నది. ఫోను తీసింది. వీడియో పెట్టింది. ఈసారి ఫ్లాస్కు దగ్గర ఆపలేదు. మొగుడు తల వంచిన చోట ఆపింది.

"అంటే ఈయన నీ మాట కోసరం ఆగినాడా?"

"అవును."

"ముప్పై రెండేల్లనుండి నా మాట ఒక్కటి ఇన్నాడు కాడు" అంది. అని, ఏడవడం మొదలుపెట్టింది. గరిటె నాకిచ్చి, మొగుడి కుడి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, వంగని ఆ రెండు వేళ్ళనీ కళ్ళకి అద్దుకుంది. "నాను బొమ్మన్నాను. నా నోరు పడిపోను. తప్పయిపోయింది."

"నువ్వు ఇసిరింది కరెక్టే లా" అన్నాడు నాయుడు. "నువ్వు ఇసరకపోతే ఇద్దరం పోదుము."

నేను గరిటె పట్టుకుని కూర్చుని ఏడ్చాను. లోపల కూర మాడిన వాసన వస్తోంది. ముగ్గురిలో ఎవరమూ అటు వెళ్ళలేదు.

ఆ సాయంత్రం నాయుడు నన్ను బజారుకి తీసుకెళ్ళాడు. టీ కొట్టు దగ్గర, పూల దుకాణం దగ్గర, మోటారు సైకిళ్ళవాడి దగ్గర, ఎక్కడికక్కడ ఆపి "అప్పా, ఈల్లకీ సెప్పు" అన్నాడు. తెలుగులో, తమిళంలో, మలయ్‌లో చెప్పాను. ఆ బజార్లో నన్ను సార్జంట్ అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపు ఆ రోజుతో కొంచెం తగ్గింది. మోటారు సైకిళ్ళవాడు చేతులకి అంటిన నూనె తుడుచుకుంటూ "సారీ బాస్" అన్నాడు. నాయుడు తల ఊపాడు.

ఎడమ చెయ్యి

ఆ దాడి తర్వాత తీసుకున్న లైసెన్సును పోలీసులు తిరిగి ఇవ్వడానికి ఎంతకాలం పట్టిందో రాయను, కాగితాల సంగతి రాయనన్నాను. ఇచ్చాక నాయుడు ఎడమ చేత్తో నేర్చుకుంటానని వచ్చాడు. పిస్తోలు రెండోవైపు కూడా మీట బిగించాను. అదే నా ఆఖరి మరమ్మతు పని. నెలలపాటు ఖాళీ పిస్తోలుతోనే చేశాం. తియ్యడం, గురి పెడుతూనే తొయ్యడం, దింపుతూనే పెట్టడం. ఒక్కసారి కూడా ఎప్పుడు చెయ్యాలో చెప్పలేదు.

నేను ఉద్యోగం మానేసే వారం, గుండ్లు వేసి నిలబెట్టాను. పైడమ్మ కూడా వచ్చింది, వెనక బల్ల మీద కూర్చుంది. నేను నాయుడి పక్కన నిలబడలేదు. వాడి వెనక, వాడికి కనపడనంత దూరంలో నిలబడి, నోరు గట్టిగా మూసుకున్నాను. రోస్లీ ఎప్పుడు బొమ్మ లేపుతాడో నాక్కూడా తెలియదు. కొండల మీద మబ్బు పట్టింది. బొమ్మ లేచింది.

నాయుడి ఎడమ చెయ్యి కొంచెం వణికింది. పిస్తోలు పైకి వస్తుండగానే బొటనవేలు కిందికి కదిలింది. ఎవరి కోసమూ ఆగలేదు. పేలింది.

గుండు బొమ్మకి రెండడుగుల దూరంలో మట్టిగట్టులో దిగింది. ముప్పయ్యేళ్ళలో నేను చూసిన గుండ్లన్నిటిలోకీ మంచిది అదే.